హామీ సంతకం

ఆకివీడు బజారులో ఈ మేత కొట్టు నాది కాదు,
చిట్టా మాత్రం నాది.
పంతొమ్మిదేళ్లుగా ఎవరి చెరువుకి ఎన్ని బస్తాలెళ్లాయో
నా ఎడమచేతి రాతే సాక్షి.

నిన్న సాయంత్రం సువార్తరాజు వచ్చాడు,
ఎప్పట్లా మేత కోసం కాదు.
వెనకాల వాళ్లమ్మాయి దీవెన,
ప్లాస్టిక్ కవర్లో ఇరవై రెండు పేజీలు.
"రెండో హామీదారు కావాలంటండీ" అన్నాడు
మెట్టెక్కకుండానే.

విమానాల కంపెనీ పిల్లని ఎంచుకుంది.
నాలుగు వేల మంది రాస్తే అరవై మందిని.
లెక్కలు చూశారు, కళ్లు చూశారు, గుండె చప్పుడు విన్నారు,
చేతికో కర్రిచ్చి తెర మీద చుక్కని వెంటాడించారు.
ఆఖర్న ముగ్గురు కూర్చుని అడిగారట:
గాల్లో ఉండగా ఇంజను ఆగిపోతే
మొట్టమొదట ఏం చేస్తావమ్మా?

వచ్చీరాని ఇంగ్లీషులో ఈ పిల్ల చెప్పిందట:
మా చెరువు మీద రాత్రి రెండింటికి కరెంటు పోద్దండీ.
ఆరు ఏరేటర్లూ ఒక్కసారే నోరు మూసుకుంటాయి.
ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువొస్తుంది.
పరిగెత్తకూడదు, గట్టు జారుద్ది.
ముందు టార్చి. తర్వాత డీజిల్ ఇంజను.
అది అందుకున్నాకే నాన్నని లేపడం.
రొయ్యకి ఊపిరి అరగంటే ఉంటుంది.
కంగారు పడకపోతే
అరగంటంటే చాలా టైమండీ.

ముగ్గురిలో ఒకాయన కలం కింద పెట్టేశాడట.

సరే, ఎంచుకున్నారు.
అక్కడితో అయిపోతే నా దగ్గరికెందుకొస్తారు?

కాగితాలు చదివాను.
చిన్నక్షరాలే ముందు చదవడం నాకలవాటు.
నేర్పడానికి తొంభై లక్షలు.
సగం కంపెనీ పెట్టుకుంటుంది,
సగం బ్యాంకు ఇస్తుంది, మనుషుల్ని తాకట్టు చూపిస్తే.
రెక్కలొచ్చాక ఏడేళ్లు వాళ్ల విమానమే నడపాలి.
నెలనెలా జీతంలో కోత.
మధ్యలో తను మానేస్తే వడ్డీతో సహా మొత్తం.
మధ్యలో వాళ్లే వద్దంటే?
ఆ పేజీ రెండుసార్లు తిరగేశాను,
ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

నవ్వొచ్చింది.
ఇది మా షావుకారు పద్ధతే కదా!
సీడు అప్పు, మేత అప్పు, మందులు అప్పు.
పట్టుబడి నాడు సరుకు మా కాటా మీదకే రావాలి,
కౌంటు మేం చెప్పిందే, రేటు మేం వేసిందే.
పక్కూరి లారీ కిలోకి ముప్పై ఎక్కువిస్తానన్నా
మా గట్టు దాటకూడదు.
దాటినోడి పేరు ఎర్ర సిరాతో రాసేది నేనే.
ఇన్నాళ్లూ ఇది ఈ బురదలో పుట్టిన తెలివనుకున్నాను.
మబ్బుల మీద కూడా ఇదే చిట్టా అన్నమాట.

కాకపోతే తెల్లమచ్చ తగిలి చెరువంతా పోయినా
మేం వచ్చే పంటకి మోస్తాం.
మనిషికి వచ్చే పంట ఎప్పుడు?

"ఏడేళ్లమ్మా, తెలుసా?" అన్నాను.
"నాన్న పద్నాలుగేళ్లుగా మీ కొట్టు దాటలేదు కదండీ" అంది.
దెప్పిందో, నాకు ధైర్యం చెప్పిందో
ఇప్పటికీ తేల్చుకోలేదు.
సువార్తరాజు తన చెప్పుల వంక చూసుకున్నాడు.
నేను కాలిక్యులేటర్ మీద దుమ్ము తుడిచాను,
దాని మీద దుమ్ము లేదు.

నాకున్నది కాళ్లకూరులో పద్దెనిమిది సెంట్లు,
దాని మీదో రేకుల ఇల్లు.
ఇంట్లో సుగుణావతికి చెప్పలేదు.
చెబితే సంతకం పెట్టనిస్తుంది గానీ
రాత్రంతా లెక్కేస్తుంది.

ఇరవై రెండు పేజీల మీదా పెట్టాను, ఎడమచేత్తోనే.
పదిహేడో పేజీలో సిరా అంటుకుపోతే
పిల్ల ఊదింది.

ఇంతలో ఫోను.
రెండో నంబరు చెరువులో ఏరేటర్ బెల్టు తెగిందట.
"ఒక బెల్టివ్వండీ" అంది, అప్పుడే బండి స్టాండు తీస్తూ.
ఎప్పటిలా గెడ్డం సువార్తరాజు పేజీ తీయబోయాను.
"నా పేరున రాయండి.
ఎలాగూ ఇవాళ్టి నుంచి అప్పులదాన్నే కదా, ఆయ్."

కొత్త పేజీ తీశాను.
గెడ్డం దీవెన.
బెల్టు ఒకటి, నాలుగొందల పది.